సెల్లు లేనోళ్ళకు రోగం రాదా?

సుఖవ్యాధులంట! ఈ పేరు పెట్టినవాడెవడో గానీ, మన గూడేల ఆడోళ్ళకు వాటిలో సుఖమెక్కడుందో చెప్పమనండి. మొగుడు తెచ్చిన రోగం పెళ్ళాం మోస్తుంది. చెడిపోయిందన్న పేరూ ఆమే మోస్తుంది.

ఇప్పుడు కొత్త మాట వచ్చింది. సెల్లు నొక్కితే ఇంటికొచ్చి రక్తం తీసుకుపోతారట. ఫలితం సెల్లుకే వస్తుందట. మూడో కంటికి తెలియదట. సిగ్గుతో ఆసుపత్రి గడప తొక్కనివాళ్ళకు దారి దొరికితే మంచిదే. కానీ ఎవరికి దొరికింది?

మొన్న ఒక తల్లి బడికాడికొచ్చి "మాస్టారూ, ఈ మెసేజి ఏందో చదివిపెట్టండి" అంది. ప్రైవేటు ల్యాబు ఇంగ్లీషులో పంపిన ఫలితం. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను. కన్నకొడుకు చేత చదివించుకోలేక నాకాడికొచ్చింది. ఆమె గుట్టు ఆమెకంటే ముందు నాకు తెలిసింది. ఇదేనా గోప్యత?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు నూటికి 21 మందే. మగాళ్ళు 49 మంది దాకా ఉన్నారు. 2021 అంచనాల్లో హెచ్చైవీ దేశంలో 0.21 శాతం, ఆంధ్రాలో 0.67 శాతం. రోగం మూడింతలున్న చోట పరీక్షను సెల్లుకు కట్టేస్తే ఎవరు మిగిలిపోతారో వేరే చెప్పాలా?

క్లమిడియా, గనేరియా ఆడవాళ్ళలో చాలాసార్లు పైకి కనపడవు. లోలోపల గర్భనాళాలు పూడుకుపోతాయి. ఆనక లోకం గొడ్రాలంటుంది. సర్కారు సురక్షా క్లినిక్కుల్లో ఎక్కువగా లక్షణాలు చూసి మందుల కిట్టు ఇస్తారు. లక్షణం లేనామెకు కిట్టూ లేదు. లోపలి క్రిమిని పట్టే పరీక్షేమో డబ్బున్నోళ్ళ సెల్లుల్లో అమ్ముతున్నారు. వెలి అంటే ఊరి చివర ఇల్లొకటే కాదు, ఇదీ వెలే.

2018 సెప్టెంబరు 10 నుంచి హెచ్చైవీ చట్టం అమల్లో ఉంది. విషయం తెలిపి ఒప్పుకోలు తీసుకోకుండా పరీక్ష చేయకూడదు, గుట్టు బయటపెట్టకూడదు అంటుంది. అర్థంకాని ఇంగ్లీషు ముక్క మీద వేలు నొక్కించుకుంటే అది ఒప్పుకోలు అవుతుందా?

వేలి చుక్క రక్తంతో హెచ్చైవీ, సిఫిలిస్ ఉన్నాయేమో నిమిషాల్లో చూసే పరీక్షలున్నాయి. వాటికి సెల్లు అక్కర్లేదు. సిఫిలిస్ పెన్సిలిన్ సూదితో నయమవుతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె గూడేల నుంచి మనం అడగాల్సింది ఇదీ: ఆ పరీక్షలు ఏఎన్నెమ్మ చేతికివ్వండి. క్రిమిని పట్టే పరీక్ష సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా పెట్టండి. ఫలితం తెలుగులో, నోటితో, చాటుగా చెప్పండి.

అక్కల్లారా, సిగ్గుపడాల్సింది మీరు కాదు. 1097కి ఫోను చేస్తే డబ్బులు పడవు, అడగండి. తమ్ముళ్ళారా, మీరూ పరీక్షకు నడవండి. రోగం తెచ్చేది మీరు, నింద ఆమెకా?