కొండంత జ్ఞాపకాలు... ఉచితంగా ఎక్కడ దాచుకోవాలి?

కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లొచ్చిన ఏ ఇంట్లో చూసినా ఇప్పుడు ప్రసాదంతోపాటు వచ్చేవి ఫొటోలే. కొండ కింద బారులు తీరిన ప్రభలు, వాటి మీద మిలమిలలాడే రంగురంగుల బల్బులు, రంగులరాట్నం ఎక్కిన పిల్లలు, మెట్ల దారిలో కోతులు... అన్నీ సెల్‌ఫోన్లోకి ఎక్కేస్తాయి. ఎక్కాక ఏమవుతున్నాయో మాత్రం ఎవరూ పట్టించుకోరు. మా ఇంట్లోనూ పట్టించుకోలేదు.

2025లో మహాశివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. ఆ రాత్రి జనంలో మా పెదనాన్న కొడుకు జేబులోంచి ఫోన్ ఎవరో కొట్టేశారు. 'పోతే పోయిందిలే అన్నయ్యా, కొత్తది కొనుక్కుందువుగాని' అన్నాను. 'ఫోన్ గురించి కాదురా నా బాధ. అందులో నాన్న ఉన్నాడు' అన్నాడు. పెదనాన్న పోయి అప్పటికి ఎనిమిది నెలలు. అంతకుముందు ఏడాది తిరునాళ్లలో ప్రభ పక్కన నిలబడి, తన చిన్నతనంలో ఎడ్లబండి మీద ప్రభను ఎలా తెచ్చేవారో, ఒరిగిపోకుండా మోకులు ఎలా లాగి పట్టేవారో ఆయన చెబుతుంటే అన్నయ్య తీసిన వీడియో అది. పన్నెండు నిమిషాలుంటుంది.

'నెట్‌లో ఉండే ఉంటుందిలే' అనుకుంటూ వేరే ఫోన్లో ఖాతా తెరిచాం. ఫొటోలు ఓ తేదీ దగ్గర ఆగిపోయి ఉన్నాయి. ఉచిత స్థలం నిండిపోయిందని నెలల తరబడి సందేశం వస్తూనే ఉంది. అన్నయ్య దాన్ని రోజూ పక్కకు తోసేస్తూనే ఉన్నాడు. చివరికి దక్కింది, హైదరాబాద్‌లో ఉన్న అక్కకు అప్పట్లో వాట్సప్‌లో పంపిన నలభై సెకన్ల ముక్క ఒక్కటే.

మీ ఇంట్లో ఇలా జరక్కూడదంటే ఈ ఆదివారం ఓ గంట కేటాయించండి.

ఎవరెంత ఇస్తున్నారు?

గూగుల్ ఖాతా ఉంటే 15 జీబీ ఉచితం. అయితే ఇది ఫొటోలకు మాత్రమే కాదు. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ ఇందులోనే సర్దుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఈ లెక్కలోకే వస్తోంది. అంటే రోజూ పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు మీ అమ్మాయి పెళ్లి ఫొటోల చోటును తినేస్తున్నాయన్నమాట! మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లో 5 జీబీ, ఐఫోన్ వాళ్లకు ఐక్లౌడ్‌లో 5 జీబీ, డ్రాప్‌బాక్స్‌లో 2 జీబీ ఉచితం. న్యూజిలాండ్‌కు చెందిన మెగా 20 జీబీ ఇస్తోంది. అందులో ఫైళ్లకు తాళం మీ పాస్‌వర్డే. పాస్‌వర్డ్‌తోపాటు వాళ్లిచ్చే రికవరీ కీ కూడా పోగొట్టుకుంటే ఇక కంపెనీ కూడా తెరవలేదు. కాబట్టి ఆ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి.

ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్, మార్కుల జాబితాల వంటి వాటికి 2015లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన డిజిలాకర్ ఉంది. అందులో మనం ఎక్కించుకునే కాగితాలకు 1 జీబీ స్థలం ఇస్తారు. ఫొటోల కోసం కాదుగానీ కాగితాలకు ఇది చాలు.

మీకెంత కావాలి?

ఫొటో సుమారు 3 ఎంబీ అనుకుంటే 15 జీబీలో అయిదు వేలు పడతాయి. వీడియోల సంగతి వేరు. నిమిషం వీడియోకు వంద ఎంబీ దాకా పోతుంది. ఆ లెక్కన రెండున్నర గంటల వీడియోతోనే ఖాతా నిండిపోతుంది. అందుకే ముందు ఏరుకోండి. ఒకే ప్రభను పది కోణాల్లో తీసి ఉంటే రెండు చాలు. మాట వినిపించే వీడియోలు, పెద్దవాళ్ల ఫొటోలు, పొలం కాగితాలు ముందు ఎక్కించండి. తక్కినవి తర్వాత.

ఎక్కించడానికీ సమయం పడుతుంది. సెకనుకు 5 మెగాబిట్ల వేగం ఉంటే 15 జీబీకి ఆరున్నర గంటల పైమాటే. రోజుకు 1.5 జీబీ వచ్చే ప్యాక్ అయితే పది రోజుల డేటా దానికే సరి. వైఫై ఉన్న ఇంట్లో, రాత్రి పడుకునేముందు ఛార్జింగ్ పెట్టి వదిలేయడం మేలు.

ఉచితం శాశ్వతం కాదు

కొందరికి యాహూ ఫొటోస్ గుర్తుండే ఉంటుంది. 2007లో మూసేశారు. మెగాఅప్‌లోడ్‌ను 2012 జనవరిలో అమెరికా అధికారులు ఉన్నపళంగా మూయిస్తే, సొంత ఫైళ్లు దాచుకున్నవాళ్లూ నష్టపోయారు. ఒకప్పుడు 1 టెరాబైట్ ఉచితంగా ఇచ్చిన ఫ్లికర్ 2019లో వెయ్యి ఫొటోలకు పరిమితి పెట్టింది. గూగుల్ ఫొటోస్‌లో ఎన్నైనా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ఆగిపోయింది. రేపు నియమాలు మళ్లీ మారొచ్చు. అద్దె లేని ఇంట్లో ఉన్నప్పుడు సామాను సర్దుకోవడానికి సిద్ధంగా ఉండాల్సిందే.

ఇంకో మెలిక... ఫోన్‌కీ నెట్‌కీ లంకె పెట్టి ఉంటే, చోటు కోసం ఫోన్లో ఫొటో తీసేసినప్పుడు నెట్‌లోనూ పోవచ్చు. గూగుల్ ఫొటోస్‌లో అలా తీసేసినవి 60 రోజులు చెత్తబుట్టలో ఉంటాయి. ఆ తర్వాత దొరకవు. తీసేసే ముందు 'ఫోన్లో మాత్రమే' తొలగించే ఆప్షన్ ఉందేమో చూసుకోండి.

తాళం ఎవరి దగ్గరుంది?

రెండేళ్లపాటు అసలు తెరవని గూగుల్ ఖాతాలను తొలగించే అధికారం కంపెనీ తన దగ్గర పెట్టుకుంది. 2023 డిసెంబరు నుంచి ఇది అమల్లో ఉంది. తాతగారి పేరున తెరిచిన ఖాతా ఉంటే అప్పుడప్పుడూ ఒకసారి తెరవండి. మనం వాడటం మానేస్తే ఎవరికి చేరాలో ముందే చెప్పుకునే 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' ఏర్పాటు గూగుల్‌లోనే ఉంది. పాస్‌వర్డ్‌తోపాటు రెండంచెల తనిఖీ పెట్టుకోండి. ఆ ఓటీపీ వచ్చే నంబరు పోయిన ఫోన్‌దే అయితే ఇబ్బంది కాబట్టి, ఇంట్లో మరొకరి నంబరు కూడా జతచేయండి.

త్రికూటేశ్వరుడి కొండకు మూడు శిఖరాలు. మన ఫైళ్లకూ మూడు ప్రతులుండాలంటారు నిపుణులు. ఫోన్లో ఒకటి, ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఒకటి, నెట్‌లో ఒకటి. ఏ ఒక్కటి పోయినా రెండు మిగులుతాయి. నెలకోసారి ఏదో ఒక పాత ఫొటోను నెట్ నుంచి దించి చూడండి. తెరుచుకుంటేనే దాచినట్టు లెక్క.

ఆ నలభై సెకన్ల ముక్క ఇప్పుడు అన్నయ్య ఫోన్లో, అక్క ఇంట్లో డిస్క్‌లో, నెట్‌లో... మూడు చోట్లా ఉంది. బొమ్మ మసకగానే ఉంటుంది. 'ఒరే, మోకు వదలమాకండి' అన్న పెదనాన్న గొంతు మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది.