పేరు మారాక పాత ఫలకం ఎటు పోవాలి?

2025 ఫిబ్రవరి 7న కేంద్ర మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకుంది. విశాఖపట్నం కేంద్రంగా ఏర్పాటవుతున్న దక్షిణ కోస్తా రైల్వే జోన్‌లో వాల్తేరు డివిజన్‌ను కుదించిన రూపంలో కొనసాగిస్తూ, దాని పేరును విశాఖపట్నం డివిజన్‌గా మార్చింది. మిగిలిన భాగంతో తూర్పు కోస్తా రైల్వేలో రాయగడ కేంద్రంగా మరో డివిజన్ ఏర్పాటుకు ఆమోదం తెలిపింది. వాల్తేరు అన్న పేరు వలస పాలన వారసత్వమని, అందువల్ల దాన్ని మార్చవలసి ఉందని ప్రభుత్వం తన ప్రకటనలో వివరించింది.

డివిజన్ హద్దులపైనా, సరకు రవాణా ఆదాయం ఏ జోన్‌కు చేరుతుందన్న దానిపైనా చాలా చర్చ జరిగింది. పేరు మారిన తరువాత పాత పేరు మోస్తున్న వస్తువుల సంగతి ఎవరి దృష్టికీ అంతగా రాలేదు. కాగితంపై పేరు మార్చడానికి ఒక ఉత్తర్వు చాలు. కార్యాలయ గోడలపై ఫలకాలు, సిబ్బంది బ్యాడ్జీలు, ముద్రలు, పనిముట్లపై చెక్కిన అక్షరాలు మాత్రం ఒక్కొక్కటిగా తొలగించవలసిందే. తొలగించినవి ఎక్కడికి పోతాయి? ఇది రైల్వేకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. సైన్యం, నౌకాదళం, రోడ్డు రవాణా సంస్థలు, వాటి వస్తువులను భద్రపరిచే మ్యూజియంలు అన్నీ ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకోవలసిన సమయం ఇది.

పేరు ఎవరిది, అక్షరక్రమం ఎవరిది?

వాల్తేరు ఉదాహరణనే కొంత నిశితంగా చూద్దాం. విశాఖ నగరంలో పెదవాల్తేరు, చినవాల్తేరు అన్న ప్రాంతాలు నేటికీ ఉన్నాయి. స్థానికుల నోట ఆ పేర్లు తెలుగు ఊరి పేర్లుగానే పలుకుతాయి. రైల్వే కంపెనీలు దాన్ని ఇంగ్లిషులో ‘వాల్టెయిర్’ అని చదువుకునేలా రాసుకున్నాయి. ఏలూరు ‘ఎల్లోర్’గా, కాకినాడ ‘కోకనాడ’గా మారినది కూడా ఈ దారిలోనే. అంటే వలస పాలన ముద్ర ప్రధానంగా ఇంగ్లిషు అక్షరక్రమంలో ఉంది; పేరు మాత్రం ఈ నేలదే.

ఈ తేడా ఉత్తర్వుల భాషలో కనిపించదు. ఒకే పేరును వేర్వేరు లిపుల్లో పక్కపక్కన రాసిన పాత నామఫలకాన్ని చూస్తే వెంటనే తెలుస్తుంది. ఏ లిపి పైన ఉంది, ఏది పెద్దదిగా ఉంది, తెలుగులో రాసినవారు ఊరి ఉచ్చారణను అనుసరించారా లేక ఇంగ్లిషు అక్షరాలను తిరిగి తెలుగులోకి మార్చారా అన్నవి ఆ రేకు మీదే నమోదై ఉంటాయి. భాషా చరిత్ర రాసేవారికి ఇటువంటి ఆధారం గ్రంథాలయాల్లో అరుదు. ఫలకం పోతే పేరు మారిందన్న వార్త మిగులుతుంది. ఆ పేరు ఎలా మారుతూ వచ్చిందన్న సాక్ష్యం పోతుంది.

రవాణా సంస్థలు, సైన్యం తమ గుర్తులకు లోహాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. రెండింటికీ దూరం నుంచి, క్షణంలో, చదువు రానివారు సైతం గుర్తుపట్టగలిగే చిహ్నం కావాలి. ఎనామెల్ ఫలకంలో ఇనుప రేకుపై గాజు పొడిని దాదాపు 800 డిగ్రీల వేడిలో కరిగించి అతికిస్తారు. ఎండకు రంగు వెలవదు, వానకు అక్షరం చెరగదు. టోపీ బ్యాడ్జీని ఇత్తడి, తెల్లలోహం వంటివాటితో అచ్చులో కొట్టి తయారుచేస్తారు. వాటిని చేయించిన అధికారం గతించినా అవి నిలిచి ఉండడం అందుకే.

కుమావూ టోపీపై హైదరాబాద్ సింహం

సైనిక చిహ్నాల్లో ఈ చరిత్ర మరింత చిక్కగా ఉంటుంది. 1813లో హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న హెన్రీ రస్సెల్, నిజాం సేనలో ‘రస్సెల్ బ్రిగేడ్’ను ఏర్పాటు చేశాడు. అది కాలక్రమంలో హైదరాబాద్ కంటింజెంట్‌లో భాగమైంది. ఆ సేనకు అధికారులు బ్రిటిష్‌వారు, ఖర్చు నిజాం ఖజానాది. బకాయిలు పేరుకుపోవడంతో 1853 ఒప్పందం కింద బేరారు ప్రాంతాన్ని నిజాం కంపెనీ పాలనకు అప్పగించవలసి వచ్చింది. 1903లో కంటింజెంట్ భారత సైన్యంలో విలీనమైంది. 1922 పునర్వ్యవస్థీకరణలో దాని పటాలాలు 19వ హైదరాబాద్ రెజిమెంట్‌గా ఏర్పడ్డాయి. అప్పటికే నియామకాలు దక్కన్‌కు దూరమై, కుమావూ కొండల వైపు, ఉత్తర భారత మైదానాల వైపు మళ్లుతున్నాయి. పేరుకూ సిబ్బందికీ పొంతన లేకపోవడంతో 1945 అక్టోబరు 27న అది కుమావూ రెజిమెంట్‌గా మారింది.

పేరు మారినా చిహ్నంలోని సింహం మారలేదు. ముందుకాళ్లతో శిలువ పట్టుకున్న ఆ సగభాగం సింహం రస్సెల్ వంశ చిహ్నం నుంచి వచ్చింది. స్వాతంత్ర్యానంతరం దశాబ్దాలపాటు కుమావూ సైనికులు దాన్ని ధరించారు. 1947 నవంబరు 3న బడ్గాంలో ప్రాణాలర్పించి తొలి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మది ఈ రెజిమెంటే. 1962లో రెజాంగ్ లా వద్ద మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో పోరాడినది 13వ కుమావూ. సైన్యాధిపతిగా పనిచేసి, ఆ తరువాత 1962 నుంచి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా ఉన్న జనరల్ ఎస్.ఎం. శ్రీనాగేశ్ కూడా పూర్వపు హైదరాబాద్ రెజిమెంట్ అధికారే.

ఇప్పుడు ఆ బ్యాడ్జీ ఎవరిది? ఒక రెసిడెంట్ వంశ గౌరవానిదా, ఖర్చు భరించి బేరారును పోగొట్టుకున్న నిజాందా, బడ్గాంలో పడిన సైనికుడిదా? మూడు సమాధానాలకూ ఆధారం ఉంది. చిహ్నాన్ని కొనసాగించాలా, మార్చాలా అన్నది సైన్యం నిర్ణయించుకోవలసిన విషయం. ఏ నిర్ణయం జరిగినా, ఈ మూడు కథలనూ కలిపి చెప్పగలిగే చోటు మ్యూజియం ఒక్కటే.

మార్పు తప్పు కాదు, కొత్తా కాదు

స్వతంత్ర దేశం తన చిహ్నాలను తాను ఎంచుకోవడంలో ఆక్షేపించవలసినది లేదు. 1950లో గణతంత్రం ఏర్పడగానే సైనిక హోదా గుర్తుల్లో కిరీటం స్థానాన్ని అశోక స్తంభ సింహాలు ఆక్రమించాయి. నౌకాదళ పతాకం నుంచి సెయింట్ జార్జ్ శిలువను 2001లో తొలగించారు. కొత్త పతాకం రంగులు సముద్రం, ఆకాశం రంగుల్లో కలిసిపోయి దూరానికి ఆనడం లేదన్న ఫిర్యాదులతో 2004లో శిలువ తిరిగి వచ్చింది. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో ఐఎన్ఎస్ విక్రాంత్‌ను నౌకాదళంలో చేర్చిన రోజున మళ్లీ తొలగి, శివాజీ రాజముద్ర స్ఫూర్తితో రూపొందిన అష్టభుజ చిహ్నం వచ్చింది.

ఈ క్రమంలో ప్రతి దశకూ ఒక కారణం ఉంది. కొన్ని రాజకీయమైనవి, కొన్ని పూర్తిగా ఆచరణకు సంబంధించినవి. 2001 నాటి పతాకం ఒకటి కళ్లెదుట ఉంటే, దూరానికి ఆనకపోవడం అంటే ఏమిటో చూసి తెలుసుకోవచ్చు. లేకపోతే అది వాదనగా మాత్రమే మిగులుతుంది.

చట్టంలోని ఖాళీ

అసలు ఇబ్బంది ఇక్కడ మొదలవుతుంది. 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం ప్రకారం ఒక వస్తువు పురావస్తువు కావాలంటే సాధారణంగా కనీసం 100 ఏళ్ల వయసు ఉండాలి. రాతప్రతులు, పత్రాల వంటివాటికి 75 ఏళ్లు చాలు. 1993 నాటి ప్రభుత్వ రికార్డుల చట్టం పత్రాలు, ఫైళ్లు, మైక్రోఫిల్ములు, కంప్యూటర్ సమాచారం గురించి చెబుతుంది. ఇనుప రేకు, ఇత్తడి బిళ్ల ఆ నిర్వచనంలో ప్రస్తావనకు రావు. ఫలితంగా పేరు మార్చిన ఉత్తర్వు జాతీయ రికార్డు అవుతుంది; పేరు మోసిన ఫలకం తుక్కు అవుతుంది.

తెలుగు ప్రాంతాలకు దగ్గరి ఉదాహరణ తీసుకుందాం. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. నేటి రెండు రాష్ట్రాల ఆర్టీసీల చరిత్రకు అదే ఆరంభం. ఆ తొలి ఏడాది బస్సు ఫలకమో, కండక్టర్ బ్యాడ్జీయో ఎవరి ఇంట్లోనైనా ఉంటే, 2032 వరకు అది చట్టం దృష్టిలో పాత లోహం. విదేశాలకు పంపినా ఆ చట్టంలోని నిషేధం దానికి వర్తించదు. స్వాతంత్ర్యోద్యమ మలిదశ, సంస్థానాల విలీనం, భాషాప్రయుక్త రాష్ట్రాల ఏర్పాటు అన్నీ ఈ రక్షణ లేని కాలంలోనే ఉన్నాయి.

ఇదే కాలంలో తుక్కు తొలగింపు వేగం పెరిగింది. రైల్వే తన తుక్కును ఈ-వేలం ద్వారా విక్రయిస్తోంది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో పాత సామగ్రిని, ఫైళ్లను తొలగించేందుకు 2021 నుంచి ఏటా అక్టోబరులో ప్రత్యేక కార్యక్రమం జరుగుతోంది. కార్యాలయాలు శుభ్రపడడం మంచిదే. అయితే ఆ గుట్టలో ఏది తుక్కు, ఏది చరిత్ర అని చెప్పగలిగిన మనిషి ఒకరు వేలానికి ముందే అక్కడ నిలబడాలి.

లోహం ఒంటరిగా మాట్లాడదు

ఫలకాన్ని తెచ్చి గాజు అరలో పెట్టినంత మాత్రాన పని పూర్తికాదు. ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే ‘జడ్’ అక్షరం చివరి నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని తెలుగునాట విస్తృతంగా చెప్పుకుంటారు. నంబరు ప్లేటు అక్షరాన్ని చూపగలదు గానీ ఆ కథను నిరూపించలేదు. అందుకు ఉత్తర్వు కావాలి, తేదీ కావాలి, అప్పటి ఉద్యోగుల జ్ఞాపకం కావాలి. వస్తువునూ దాని వివరాలనూ కలిపి సేకరించకపోతే మ్యూజియం కూడా కథలు చెప్పుకునే చోటుగానే మిగిలిపోతుంది.

సైనిక బ్యాడ్జీల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. పాత అచ్చులతోనో, వాటి నకళ్లతోనో కొట్టిన బ్యాడ్జీలు సేకర్తల మార్కెట్లో చాలా తిరుగుతుంటాయి. అసలును గుర్తించడానికి నిపుణులు వెనుకవైపు కొక్కేలను, అతుకులను, బరువును, అంచు కోతను, అరిగిన తీరును పరిశీలిస్తారు. మెరిసేలా తోమితే ఈ ఆనవాళ్లే ముందుగా పోతాయి. ఎనామెల్ ఫలకానికి కొత్త రంగు పూసినా అంతే. బోల్టు రంధ్రాల చుట్టూ పెచ్చులూడిన చోటు, కింద పొరలో మిగిలిన పాత అక్షరం దాని వయసు చెప్పే ఆధారాలు.

అన్నింటినీ దాచడం సాధ్యమా అన్న ప్రశ్న న్యాయమైనదే. స్థలానికి పరిమితి ఉంది, నిర్వహణకు ఖర్చవుతుంది. అందుకే ప్రతి రకంలో ఒకటి రెండు నమూనాలు చాలు. మిగిలినవాటికి అవి ఉన్న చోటనే ఫోటో తీసి, కొలతలు, లిపుల క్రమం, అక్షరక్రమం, అమర్చిన స్థలం, తొలగించిన తేదీ నమోదు చేయవచ్చు. కొత్త ఫలకం బిగించే గుత్తేదారు ఒప్పందంలోనే పాతదాన్ని విరగకుండా దించి అప్పగించాలన్న షరతు చేర్చవచ్చు.

లండన్‌లో రవాణా సంస్థకు అనుబంధంగా ఉన్న మ్యూజియం, యాక్టన్‌లోని తన నిల్వ కేంద్రంలో స్టేషన్ ఫలకాలతో సహా 3 లక్షలకు పైగా వస్తువులను భద్రపరుస్తోంది. మనకూ వ్యవస్థలు లేకపోలేదు. 1977 ఫిబ్రవరి 1న ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియం ఢిల్లీలో ఉంది. కుమావూ రెజిమెంటుకు రాణీఖేత్‌లో మ్యూజియం ఉంది. విశాఖలో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి 2002 నుంచి సందర్శకులను ఆకర్షిస్తోంది. పేరు మార్చే ఉత్తర్వు వెలువడినప్పుడే ఈ సంస్థలకు కబురు చేరే ఏర్పాటు కావాలి.

2024లో తెలంగాణ వాహనాల గుర్తు టీఎస్ నుంచి టీజీకి మారింది. పాత నంబరు ప్లేట్లు మార్చుకోనవసరం లేదన్నారు. అందువల్ల రెండు గుర్తులూ కొన్నేళ్లపాటు ఒకే రోడ్డుపై తిరుగుతాయి, నమోదు చేసుకోదలచినవారికి సమయం దొరుకుతుంది. వాల్తేరు డివిజన్ ఫలకాలకు అంత వ్యవధి ఉండకపోవచ్చు. కొత్త పేరు బిగించే రోజున నిచ్చెన ఎక్కేవారి వెంట కెమెరా, కొలత టేపు, ఒక రిజిస్టరు కూడా ఉంటే, వాల్తేరు అన్న మాట రేపటి పరిశోధకుడికి రెండు లిపుల్లోనూ దొరుకుతుంది.