కర్రలు కలిసిన పిమ్మట
తిరువూరు వంటి పట్టణములలో దసరా ఊరేగింపునందు కర్రసాము చూచువారికి, కర్ర త్రిప్పుటయే ఆ విద్యకు సర్వస్వమని తోచుట సహజమే కాని, ఎదుటివాడు ఆ భ్రమణమును ఛేదించుకొని మూరెడు దూరమున వచ్చి నిలిచినప్పుడు, విసరుటకు తావులేని ఆ కర్రతో ఏమి చేయవలెనను ప్రశ్నకు మన ప్రదర్శనలు సామాన్యముగా సమాధానము చెప్పవు. ఫిలిప్పీన్సువారి ఆర్నిస్ (దీనినే ఎస్క్రిమా యనియు అందురు) ఈ ప్రశ్నను దాటవేయలేదు. అచ్చట సుమారు 28 అంగుళముల పేముకర్ర, దెబ్బకు దూరము చాలనప్పుడు, మీటగా మారును. ప్రత్యర్థి మణికట్టును కర్రకును తమ ముంజేతికిని నడుమ బంధించి, మెడవెనుక కర్రను ఆనించి తల వంచి, నేలకు దించిన పిమ్మటను పట్టు సడలనీయక లొంగదీయుదురు. ఆ దేశము 2009లో ఈ విద్యను చట్టముచే తన జాతీయక్రీడగా ప్రకటించినది. ఇట్టి పట్టులు నేర్పు మల్లవిద్యకు మనకు మాత్రము కొదువ యేమి? మల్లయోధుడైన కోడి రామమూర్తినాయుడుగారిని కన్న నేల యిది. కుస్తీయు కర్రసామును తాలింఖానాలలో, అనగా వ్యాయామశాలలలో, ఒకే కప్పు క్రింద పెరిగినవి. అయినను, చప్పట్ల మహిమయో యేమో, ఒకటి గోదాకును, ఒకటి వీధికిని చేరి వేరుకాపురములు పెట్టినవి. కర్రసాము నేర్పు గురువులు వీనిని మరల కలుపవలెనని నా అభిప్రాయము. ఊరేగింపున ఈ పట్టులకు ఈలలు పడవు, నిజమే. అయినను అభ్యాసమునకు మెత్తని పరుపును, శిరస్త్రాణమును, తొడుగు వేసిన కర్రలును సమకూర్చి, మెడపట్టులను పెద్దలకే పరిమితము చేసి, ఎదుటివాడు చేతితో తట్టిన తక్షణమే పట్టు విడువవలెనను నియమమును మొదటి దినముననే నేర్పవలెను.