బిందె పెద్దదే, పాలెన్ని?

టీవీ కొనడానికి షాపుకెళ్ళిన ప్రతివాడూ మొదట అడిగేది "ఇది 4కె యేనా?" అని. ఇంట్లో సినిమా పెట్టినా అంతే. మూలన 4కె అని కనిపిస్తే చాలు, బొమ్మ బ్రహ్మాండం అని మనకి మనమే సర్టిఫికెట్ ఇచ్చేసుకుంటాం. నన్నడిగితే ఆ అంకె బిందె సైజు మాత్రమే. అందులో పాలెన్ని, నీళ్ళెన్ని అన్నది చెప్పేది బిట్‌రేటు. దాన్ని మాత్రం ఎవరూ పైకి చెప్పరు.

ఒక చిన్న లెక్క చూద్దాం. 1920×1080 బొమ్మ, సెకనుకి 24 ఫ్రేములు. రంగుల సమాచారాన్ని కొంత కుదించాక కూడా సెకనుకి దాదాపు 600 మెగాబిట్లు అవుతుంది. అది మనింటికి 5 మెగాబిట్లలో వచ్చిందనుకోండి, 120 వంతుల్లో ఒక వంతన్నమాట. కదలని గోడైతే ఫరవాలేదు, వెనక ఫ్రేములోదే మళ్ళీ వాడేసుకుంటుంది. అదే బాహుబలి (2015) జలపాతమైతే? ప్రతి ఫ్రేములోనూ ప్రతి చుక్కా కొత్తదే. బిట్లు చాలకపోతే నురగ కాస్తా పిండిముద్ద అవుతుంది. చీకటి సీన్లలో నలుపు మెట్లు మెట్లుగా విడిపోతుంది.

ఇది కొత్త రోగమేం కాదు. 8.5 జీబీ డీవీడీలో ఒక్క రెండున్నర గంటల సినిమా ఉంటే సెకనుకి సుమారు 7.5 మెగాబిట్లు దక్కుతాయి. అదే డిస్కులో మూడు సినిమాలు కుక్కితే ఒక్కోదానికి 2.5. రెండిటి రిజల్యూషనూ ఒకటే!

2020 మార్చిలో, లాక్‌డౌన్ రోజుల్లో, ఇంటర్నెట్ మీద భారం తగ్గించమని యూరోపియన్ యూనియన్ అడిగితే నెట్‌ఫ్లిక్స్ అక్కడ ట్రాఫిక్ 25 శాతం తగ్గిస్తానంది. ఎలా? రిజల్యూషన్ ముట్టుకోకుండా, ఒక్కో రిజల్యూషన్లో ఎక్కువ బిట్‌రేటున్న స్ట్రీములు తీసేసి. 4కె కి డబ్బు కట్టినవాడికి 4కె అనే వచ్చింది. బిందె అదే, పాలు తగ్గాయి. ఆపత్కాలం కాబట్టి తప్పు పట్టను. కానీ బోర్డు మార్చకుండా సరుకు తగ్గించడం ఎంత సులువో చూశారా?

"కొత్త కోడెక్‌లు తక్కువ బిట్లతోనే మంచి బొమ్మ ఇస్తాయి కదా" అంటారు. నిజమే. హెచ్.264 (2003) కంటే హెచ్.265 (2013) దాదాపు సగం బిట్లతో అదే నాణ్యత ఇవ్వగలదు. మరి ఆ మిగులు మన కంటికి దక్కుతోందా, కంపెనీ బ్యాండ్‌విడ్త్ ఖర్చులో కలిసిపోతోందా? అంకె చూపిస్తే కదా తెలిసేది.

పైగా 43 అంగుళాల టీవీలో 1080 గీతల వివరం మామూలు చూపున్నవాడికి పూర్తిగా అందేది సుమారు ఐదున్నర అడుగుల లోపే. మన సోఫా ఉండేది పదడుగుల దూరంలో. అక్కణ్ణించి కనపడని పిక్సెళ్ళకి డబ్బులు కడుతున్నాం, కనపడే గళ్ళకి సర్దుకుపోతున్నాం.

పాల ప్యాకెట్ మీద వెన్న శాతం వేస్తారు. 4కె పక్కన కోడెక్ పేరు, సగటు బిట్‌రేటు వెయ్యడానికి వీళ్ళకేం నొప్పి? మనం అడగనంత కాలం వాళ్ళు నీళ్ళు పోస్తూనే ఉంటారు. ఏమంటారు?