గట్టు మీద కొలిచి చూడండి
కొల్లేటి చేపల చెరువుల్లో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ సెన్సర్ పంపిన కబురు గట్టు దాటకపోతే ఏరేటర్ తిరగదు, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అలాంటి సెన్సర్ నెట్‌వర్క్‌ను ఇంజనీరింగ్ విద్యార్థులు ఎన్ఎస్-3 అనే సిమ్యులేటర్‌లో నడిపి, ప్యాకెట్లన్నీ చేరాయని ప్రాజెక్టు రిపోర్టు కట్టేస్తే రైతుకు ఏం భరోసా? సిమ్యులేటర్‌లో నీరు, గట్టు, కొబ్బరి చెట్టు మనం పెడితేనే ఉంటాయి. రేడియో సిగ్నల్ దారిలో ఎంత తగ్గుతుందో లెక్కగట్టడానికి పాఠాల్లో చెప్పే ఒకుమురా-హాటా నమూనానే తీసుకోండి: 1968 నాటి ఒకుమురా కొలతలు టోక్యో ప్రాంతానివి, 1980లో హాటా వాటినే సూత్రాలుగా కుదించాడు. ఆకివీడు చెరువులకు అవి ఎలా అతుకుతాయి? ఇక్కడ నేరుగా వచ్చే రేడియో తరంగాన్ని, నీటి మీద పడి లేచిన తరంగం కొన్నిచోట్ల దాదాపు చంపేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే. అందుకే తమ్మిలేరు వాగో బుడమేరు వాగో పొంగి నీటిమట్టం మూరెడు లేచిందంటే, నిన్న నిక్షేపంగా అందిన చోటే ఇవాళ అందకపోవచ్చు. నేల చదును, రేడియో పరిధి గుండ్రం అనే ఊహలు పరిశోధకులను ఎలా తప్పుదోవ పట్టిస్తాయో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ వాళ్లు ఆరుబయట కొలిచి చూపించి ఇరవై ఏళ్లు దాటింది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్ఐటీ ఉంది, ఏలూరులో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, కొల్లేరు పక్కనే ఉంది. అధ్యాపకులారా, పిల్లల్ని ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి గట్టు మీదికి తీసుకెళ్లి కొలతలు తీయించండి. సిమ్యులేటర్ చెప్పిందానికీ అక్కడ దొరికినదానికీ తేడా ఎంతో రిపోర్టు మొదటి పేజీలోనే రాయించండి.