తల్లి కొనియిచ్చిన యంత్రము

బాలురు వీడియో ఆటలతోఁ బ్రొద్దు పుచ్చుచున్నారని మనము తఱచు విసుగుకొనుచుందుము. మేమును అట్టివారమే. కాని లువాల్ మాయెన్ అను దక్షిణ సూడాను యువకుని వృత్తాంతము తెలిసిన పిమ్మట మా విసుగు కొంత తగ్గినది.

యుద్ధభీతిచేఁ దలిదండ్రులు పారిపోవుచుండఁగా త్రోవలోనే ఇతఁడు జన్మించెను. ఉత్తర యుగాండాలోని శరణార్థి శిబిరమునఁ బెరిగెను. కుమారుఁడు కంప్యూటరు కావలెననఁగా, తల్లి మూఁడేండ్లు కూడఁబెట్టి 300 డాలర్లతో ల్యాప్‌టాపు కొనియిచ్చెను. మూఁడేండ్లు! పోపులపెట్టెలో డబ్బు దాఁచు మనకుఁ దెలియును, అది యెట్టి ఓర్పో. ఇఁక దానికి విద్యుత్తు నెక్కించుటకై అతఁడు మూఁడు గంటలు నడచిపోవలసి వచ్చెడిది.

అతఁడు చేసిన ఆట పేరు ‘సలాం’. అరబ్బీలో శాంతి యని యర్థము. అందు ఆడువాఁడు శరణార్థియై పరుగెత్తవలెను. అన్నము, నీరు, మందు లేనిచో నీరసించును. చంపుటకుఁ దావు లేదు. 2018లో అమెరికాలోని గేమ్ అవార్డ్స్ సభ అతనిని సత్కరించెను.

ఆటచే యుద్ధ మాఁగునా? ఆఁగదు. 2013లో ఆ దేశమున రగిలిన పోరు 2018 నాఁటి ఒడంబడికతోను పూర్తిగాఁ జల్లారలేదు. అయినను, పారిపోవువాని దాహమును ఒక పిల్లవాఁడు అరగంటసేపు ఎఱుఁగుట స్వల్పమని మేమనఁజాలము.

మీ యింటి బాలుని ఆటలో ఎవరు ఎవరిని చంపుచున్నారో, ఈ సాయంకాలము ప్రక్కనఁ గూర్చుండి చూచి మాకు వ్రాయుఁడు.