సెకండ్ హ్యాండ్ కారు – ఫస్ట్ క్లాస్ బాధ్యత

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమనగానే మనలో ఎక్కువమంది విద్య విలువ, క్రమశిక్షణ, లక్ష్యసాధన వంటి శీర్షికలు ఎంచుకుంటారు. అవన్నీ అవసరమే. కానీ ఈసారి మేము కారు గురించి రాస్తున్నాం. అదీ కొత్తది కాదు, పాత కారు. ట్రంకు పెట్టె, దుప్పటి పట్టుకుని హాస్టల్లో చేరిన మనకు కార్ల ముచ్చట ఎందుకని కొందరు నవ్వవచ్చు. అయినా రాత్రి మెస్‌లో భోజనాలయ్యాక తమ్ముళ్లు మాట్లాడుకునేది ఏమిటో మనందరికీ తెలుసు. ఉద్యోగం వచ్చిన అన్న పాత స్విఫ్ట్ కొన్నాడట, పోలో కొన్నాడట అనే కదా!

"మనకెందుకురా కారు?" అనే మాట ఇంట్లో వింటాం, ఊళ్లో వింటాం. ఇంట్లోవాళ్లు భయంతో, ప్రేమతో అంటారు. ఊళ్లో కొందరు అనే తీరులో వేరే అర్థం ఉంటుంది. చెప్పులు చేతపట్టుకుని పెద్దల వాకిళ్ల ముందు నడిచిన తాతల మనవలం మనం. మన వాడలోకి మన పిల్లవాడి కారు వస్తే, అర్ధరాత్రి అమ్మను వరంగల్ ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఎవరినీ బతిమాలనక్కర లేదు. అంతటితో ఆగం. బండి నడపడంలో సంతోషం కూడా ఉంది. అవసరానికే కొనాలి, సరదా పడకూడదు అని పేదవాడి పిల్లలకే ఎందుకు చెబుతారు? కాబట్టి కారు కొనవద్దని మేము అనం. కొనండి. అయితే మొదటి రూపాయి కాగితాలకు, రెండో రూపాయి బ్రేకులకు టైర్లకు, మిగిలితే చివరి రూపాయి సోకులకు అన్నదే మా అభిప్రాయం.

తమ్ముళ్ల నోట ఇప్పుడు 'హాట్ హ్యాచ్' అనే మాట వినిపిస్తోంది. డిక్కీ వేరుగా ఉండకుండా వెనుక తలుపు పైకి లేచే చిన్న కారును హ్యాచ్‌బ్యాక్ అంటారు. ఆ తేలికపాటి బండికి బలమైన ఇంజిన్ పెడితే హాట్ హ్యాచ్. 1976లో జర్మనీలో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జి.టి.ఐ.తో ఈ రకానికి పేరొచ్చింది. మన దేశంలో 2001లో ఫియట్ పాలియో 1.6, 2013లో పోలో జి.టి. టి.ఎస్.ఐ., 2015లో 145 హార్స్ పవర్ల అబార్త్ పుంటో, 2017లో బలెనో ఆర్.ఎస్., 2018లో టియాగో జె.టి.పి. వచ్చాయి. ఇవేవీ ఇప్పుడు కొత్తగా దొరకవు. కావాలంటే పాతదే కొనాలి. ఫియట్ వాళ్లు మన దేశంలో కార్లు అమ్మడమే మానేశారు గనుక వాటి సామాను కోసం వెతుకులాట తప్పదు. 2005లో వచ్చిన స్విఫ్ట్ లెక్కకు హాట్ హ్యాచ్ కాకపోయినా హుషారైన బండి. పైగా హనుమకొండలోనైనా, జనగామలోనైనా దానికి మెకానిక్ దొరుకుతాడు, సామాను దొరుకుతుంది. కొత్తగా సంపాదన మొదలైనవాడు చూడాల్సింది బండి ఎంత వేగంగా పోతుందని మాత్రమే కాదు, ఆగిపోతే ఎక్కడ బాగవుతుందని కూడా.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత కారు కొని చూడు అని కూడా చేర్చుకోవాలి. పైన పటారం, లోన లొటారం అన్న సామెత పాత కార్లకు సరిగ్గా సరిపోతుంది. మేము వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని అమ్మేవాడికి ముందే చెప్పాలి. చల్లని ఇంజిన్ అబద్ధం ఆడదు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు, నల్ల పొగ వస్తే ఇంధనం ఎక్కువ పోతున్నట్టు, తెల్ల పొగ ఎంతకీ ఆగకపోతే కూలెంట్ లోపలికి చేరుతున్నట్టు అనుమానించాలి. మీటరు 40 వేల కిలోమీటర్లు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరును కాదు, రబ్బరును నమ్మాలి. 2020 ఆగస్టులోను, 2023 జూలైలోను మన వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగింది. అందుకే సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. లోపలి భాగంలో బురద మరక ఉందంటే ఆ బండి నీళ్లలో నిలిచిందన్నమాట. చూడటం రాకపోతే నమ్మకమైన మెకానిక్‌కు కూలి ఇచ్చి వెంట తీసుకుపోవాలి.

ఇక కాగితాలు. మన మధ్య అమ్మకాలు మాట మీద నడుస్తాయి. అన్న తమ్ముడికి అమ్ముతాడు. "మనలో మనకు కాగితాలేంట్రా, తర్వాత చూద్దాం" అంటాడు. ఆ 'తర్వాత' ఏళ్లు గడిచినా రాదు. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు మనమంతా తెలుసుకోవాలి. ఒక కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది, ఆర్.సి.లో మాత్రం మొదటి యజమాని పేరే మిగిలింది. ప్రమాదం జరిగింది. పరిహారం బాధ్యత రిజిస్టర్‌లో పేరున్న యజమానిదేనని కోర్టు తేల్చింది. అంటే కాగితం మార్చకపోతే మునిగేది కొన్న తమ్ముడే కాదు, అమ్మిన అన్న కూడా. ప్రేమ ఉన్నచోటే కాగితం పక్కాగా ఉండాలి.

చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఫారం 29, ఫారం 30 అనేవి ఇందుకోసమే. బీమాలో కూడా పేరు మార్చమని 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. బండి మీద పాత అప్పు ఉంటే బ్యాంకు ఎన్.ఓ.సి., ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వకూడదు. పెండింగ్ చలాన్లు చూసుకోవాలి. ఎ.పి. 36 నంబరు బండి చవకగా వస్తుందంటే ఒక్క క్షణం ఆగాలి. ఆ నంబరు ఉందంటే అది 2014లో తెలంగాణ ఏర్పడి నంబర్లు మారకముందు రిజిస్టర్ అయిన బండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది, తర్వాత తనిఖీ చేయించి మళ్లీ రెన్యూవల్ చేయించాలి. ఆ ఖర్చు కూడా బేరంలో కలుపుకోవాలి.

బండి ఇంటికి వచ్చాక ఏం చేయాలి? చేతిలో ఉన్న డబ్బంతా ధరకే పోయకుండా అందులో ఐదో వంతు మరమ్మతులకు దాచుకోవాలన్నది మా లెక్క. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ వెంటనే మార్చాలి. పాత యజమాని నిన్ననే మార్చానన్నా సరే మార్చాలి. రేడియేటర్‌లో నల్లా నీళ్లు పోయకూడదు, లోపల తుప్పు పడుతుంది. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే కంపెనీ చెప్పిన గడువులో బెల్టు మార్చాలి. అది నడుస్తుండగా తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి. బెల్టు ఖర్చు వేలల్లో ఉంటే ఇంజిన్ ఖర్చు బండి ధరనే మింగవచ్చు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గీతలు బాగానే కనిపించినా ముసలి టైరు ముసలిదే. వానలో హైదరాబాద్ రోడ్డు మీద మన ప్రాణం నాలుగు అరచేతులంత రబ్బరు మీద ఆధారపడి ఉంటుంది.

చివరగా సోకుల సంగతి. నయీంనగర్‌లోనో, హంటర్ రోడ్డులోనో రాత్రిపూట టపటపా పేలుతూ పోయే బండిని చూసి తమ్ముళ్లు కేకలు వేస్తారు. ఆ చప్పుడులో వేగం లేదు, ఖర్చు ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ పెట్టారు. అద్దాలకు నల్ల ఫిల్ములు అతికించడాన్ని 2012లోనే సుప్రీం కోర్టు నిషేధించింది. చెప్పకుండా చేయించిన మార్పులు బయటపడితే బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది. ఉద్యోగాలకు పోలీసు వెరిఫికేషన్ ఉండే మనకు సైలెన్సర్ కోసం కేసు అవసరమా?

ఇంజిన్ బలం పెంచి పాత బ్రేకులతో తిరగడం మరీ ప్రమాదం. నిజంగా బండి హుషారుగా ఉండాలంటే అరిగిన షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు మార్చండి. కొత్త బ్రేక్ ప్యాడ్లు, కంపెనీ చెప్పిన సైజులో మంచి టైర్లు వేయించండి. అలైన్‌మెంట్ చేయించండి. పదేళ్ల బండి మూలమలుపులో కొత్తదానిలా తిరుగుతుంది. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ జరిమానా లేదు. మా దృష్టిలో ఇదే అసలైన మాడిఫికేషన్.

మిత్రులారా! మేము పి.జి. చదువుతున్నవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసింది మేమే మొదలు. మన ఇళ్లలో ఒక్కరి జీతం మీద ఐదారుగురి ఆశలు ఉంటాయి. ఒక్క ప్రమాదం, ఒక్క దొంగ బేరం ఆ ఇంటిని మళ్లీ ఇరవై ఏళ్లు వెనక్కి నెడుతుంది. అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా విజ్ఞప్తి ఒక్కటే. తమ్ముడు, చెల్లెలు బండి కొంటానంటే ఫైనాన్స్ షూరిటీ సంతకం ఒక్కటీ పెట్టి ఊరుకోకండి. ఒక ఆదివారం పూట వెంట వెళ్లి బండి చూడండి, ఆర్.సి. చూడండి. మీ బండినే మాకు అమ్మితే తాళంచెవి ఇచ్చిన రోజే ఫారాల మీద సంతకాలు కూడా పెట్టి ఇవ్వండి.